ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఫ్రేములను 30కి కట్టేయాలా, 60 కోసం బొమ్మ తగ్గించుకోవాలా?

గన్నవరం_ఫైనల్:
అందరికీ నమస్తే. రెండు వారాలుగా ఒకటే ప్రశ్న నన్ను వదలడం లేదు. నా సిస్టమ్ రైజెన్ 5 5600, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, 32 జీబీ ర్యామ్, 1440పీ 60 హెర్ట్జ్ మానిటర్. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో ఏ320 నడుపుతాను. 34 వేల అడుగుల మీద సెకనుకు 55 నుంచి 60 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) వస్తాయి, హాయిగా ఉంటుంది. అదే లండన్ హీత్రో 27 లెఫ్ట్ రన్‌వే మీద దిగేటప్పుడు, నగరం మీదికి రాగానే 28కి పడిపోతుంది, 42కి లేస్తుంది, మళ్ళీ పడుతుంది. సరిగ్గా ఫ్లేర్ చేసే (నేల తాకే ముందు ముక్కు కాస్త పైకెత్తే) క్షణంలో బొమ్మ ఒక్క కుదుపు కుదుపుతుంది, ఆ వెంటనే చక్రాలు దబ్బున నేలకి తగులుతాయి.

మా బావ ఒకటే మాట అంటాడు: "30 దాటకుండా లాక్ చెయ్, సెట్టింగులన్నీ అల్ట్రాలో పెట్టుకో, ఇక ఆ నంబరు వైపు చూడకు." నాకు మనసొప్పడం లేదు. 60 వచ్చేదాకా సెట్టింగులు దించడమే సరైన పని అని నా వాదన. చెట్లు తక్కువైతే తక్కువయ్యాయి, విమానం చేతికి దొరకాలి. ఏమంటారు?

రన్‌వే_28:
నేను మీ బావగారి పక్షం, అయితే సగం వరకే.

ముందు లెక్క చూడండి. 60 హెర్ట్జ్ మానిటర్ 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి తెరను తాజా చేస్తుంది. 30 ఫ్రేములకు లాక్ చేస్తే ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండు సార్లు, అంటే 33.3 మిల్లీసెకన్లు తెర మీద నిలుస్తుంది. కొలత తప్పదు. ఇప్పుడు మీకు 42 వస్తోంది అనుకోండి. వీ-సింక్ (మానిటర్ తాజా అయ్యే తాళానికే ఫ్రేములు చూపించే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఒక ఫ్రేము 16.7 నిలుస్తుంది, తరవాతది 33.3, మళ్ళీ 33.3, మళ్ళీ 16.7. సగటు నంబరు 30 కంటే పెద్దదే, కానీ కన్ను సగటును చూడదు, తేడాను పట్టుకుంటుంది. తాళం తప్పిన మృదంగం ఎంత వేగంగా వాయించినా చెవికి ఇంపుగా ఉండదు కదా.

బావగారితో నేను విభేదించేది "అన్నీ అల్ట్రా" దగ్గర. 30 లాక్ నిలవాలంటే అత్యంత బరువైన చోట కూడా లాక్ తీసేస్తే 35, 36 వచ్చే స్థితి ఉండాలి. హీత్రోలో 28కి పడే సెట్టింగుల మీద 30 లాక్ పెడితే లాక్ ఊడుతుంది, కుదుపు అలాగే ఉంటుంది. కాబట్టి సెట్టింగులు దించాల్సిందే, కానీ 60 కోసం కాదు, 30 ఎప్పుడూ తప్పకుండా ఉండడం కోసం.

ప్రయాణికుల విమానం ఫైటర్ జెట్‌లా గిర్రున తిరగదు. నేను మూడేళ్ళుగా 30 మీదే విశాఖ కొండల మధ్య దిగుతున్నాను, ఏ లోటూ లేదు.

కంట్రోల్_స్టిక్:
28 గారూ, లెక్క మీరే మొదలుపెట్టారు కాబట్టి నేను పూర్తి చేస్తాను. ఏ320 దాదాపు 140 నాట్ల మీద దిగుతుంది అనుకుందాం. అంటే సెకనుకు 72 మీటర్లు. 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు విమానం 2.4 మీటర్లు ముందుకు దూకుతుంది, 60 అయితే 1.2. దిగే వేగం నిమిషానికి 700 అడుగులైతే సెకనుకు దగ్గర దగ్గర 12 అడుగులు. కాక్‌పిట్ "రిటార్డ్" (పవర్ తగ్గించు) అనేది 20 అడుగుల దగ్గర. అక్కడి నుంచి నేల దాకా ఉన్న కాలం ఎంత కొద్దిదో ఆలోచించండి. ఆ కాస్త కాలంలో నేను స్టిక్ వెనక్కి లాగినది తెర మీద కనబడి, దాన్ని చూసి నా చెయ్యి సర్దుకోవాలి. 30 లాక్, దాని మీద వీ-సింక్ క్యూ, దాని మీద మానిటర్ ఆలస్యం. అన్నీ కలిస్తే చేతికీ కంటికీ మధ్య ఎడం పెరుగుతుంది. అది సాఫీగానే ఉంటుంది, కాదనను. కానీ సాఫీగా ఉన్నంత మాత్రాన చేతికి అందినట్టు కాదు.

సినిమా 24 ఫ్రేములే కదా అని ఎవరూ అనకండి, ఆ మాట ఎన్నోసార్లు విన్నాను. సినిమా కెమెరా ఒక్కో ఫ్రేములో కదలికను మసకగా కలిపి పట్టుకుంటుంది, ఆ మసకే కన్నుకు ప్రవాహంలా అనిపిస్తుంది. పైగా సినిమాలో మనం స్టిక్ పట్టుకుని ఉండం.

హెలికాప్టర్ నడిపి చూడండి. హోవర్‌లో 30 ఫ్రేముల మీద నిలబెట్టడం ఎంత కష్టమో తెలుస్తుంది.

మెయిన్‌థ్రెడ్:
ఇద్దరూ ఆగండి. గన్నవరం అన్నా, ఏది దించాలో తెలియకుండా దించితే 60 రాదు, బొమ్మా పోతుంది.

జనరల్ ఆప్షన్స్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి, పైన వచ్చే మెనూలోంచి ఫ్రేమ్ కౌంటర్ పెట్టుకోండి. అందులో ఫ్రేములను ఏది ఆపుతోందో చెప్పే ఒక లైను వస్తుంది: "లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్" అనో, "లిమిటెడ్ బై జీపీయూ" అనో. మొత్తం వాదనకు మూలం ఆ ఒక్క లైను.

జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) అని వస్తే మేఘాలు అల్ట్రా నుంచి హైకి దించండి, రెండర్ స్కేలింగ్ (బొమ్మను గీసే రిజల్యూషన్) కాస్త తగ్గించండి, నీడల నాణ్యత తగ్గించండి. వెంటనే ఫలితం కనిపిస్తుంది. మెయిన్‌థ్రెడ్ అని వస్తే ఇవన్నీ సున్నాకి దించినా ఒక్క ఫ్రేము పెరగదు. చాలామంది చేసే పొరపాటు ఇదే. మేఘాలు తీసేస్తారు, రిజల్యూషన్ తగ్గిస్తారు, బొమ్మ వికారంగా తయారవుతుంది, నంబరు మాత్రం 30 దగ్గరే నిలిచిపోతుంది. అప్పుడు సిమ్‌ని తిడతారు.

మెయిన్ థ్రెడ్ అంటే సీపీయూలో ఒకే కోర్ మీద నడిచే పని. విమానం సిస్టమ్‌లు, ట్రాఫిక్, దృశ్యంలో ఏ వస్తువు గీయాలో తేల్చి గ్రాఫిక్స్ కార్డుకు పంపడం, ఇలాంటివి చాలావరకు ఆ ఒక్క వరసలోనే నిలబడతాయి. పెళ్ళి భోజనాల్లో బంతికి ఎంతమంది వడ్డించేవాళ్ళున్నా వంటింటి గుమ్మం ఒక్కటే అయితే ఆలస్యం అక్కడే. మీ 3060 గుమ్మం బయట ఖాళీగా నిలబడి ఉంటుంది.

ఆ గుమ్మం దగ్గర రద్దీ పెంచేవాటిలో మొదటిది టెర్రైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్. దాన్ని 200లో పెడితే ఎంతో దూరం వరకు నేల, భవనాలు వివరంగా కావాలని అడిగినట్టు. దూరం రెట్టింపైతే విస్తీర్ణం నాలుగింతలు. పని సరిగ్గా నాలుగింతలు అవుతుందని కాదు గానీ బరువు ఎందుకు అంత వేగంగా పెరుగుతుందో అర్థమవుతుంది. లండన్ ఫోటోగ్రామెట్రీ నగరం, అంటే ఫోటోల నుంచి కట్టినది, ప్రతి భవనమూ త్రీడీ మెష్. కాబట్టి అక్కడే పడిపోతారు. 34 వేల అడుగుల మీద మాత్రం అదే 200 ఏమీ చెయ్యదు.

రెండోది ట్రాఫిక్. ఆన్‌లైన్‌లో ఎగరకపోతే ఏఐ విమానాలు, విమానాశ్రయం వాహనాలు, పనివాళ్ళు, అన్నీ బాగా తగ్గించండి. మూడోది గ్లాస్ కాక్‌పిట్ రిఫ్రెష్ రేట్, అంటే కాక్‌పిట్‌లోని డిజిటల్ తెరలు ఎంత తరచుగా మారాలో. హై నుంచి మీడియంకి దించండి. ఇది సిమ్‌తో వచ్చిన విమానాలకు బాగా పనిచేస్తుంది. డబ్బు పెట్టి కొన్న కొన్ని విమానాలు తమ తెరలను తామే గీసుకుంటాయి, వాటిలో ఈ మీట వల్ల తేడా రాకపోవచ్చు.

బేగంపేట_పాతకాపు:
మెయిన్‌థ్రెడ్ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. 2006లో ఎఫ్‌ఎస్‌ఎక్స్ (ఇదే సిమ్ పాత వెర్షన్) వచ్చినప్పుడు కూడా మాకు ఇదే బాధ. అంతా ఒక్క కోర్ మీద నడిచేది. ఎంత ఖరీదు కార్డు తెచ్చినా పెద్ద ఎయిర్‌పోర్టులో 18, 20. అప్పుడు కూడా ఫ్రేములు లాక్ చేసేవాళ్ళం. లాక్ చేస్తే మిగిలిన సమయం నేల బొమ్మలు లోడ్ అవడానికి దొరికేది. అందుకని 30 లాక్ అనేది ఓడిపోయినవాడి పని అనుకోకు నాయనా. నాకైతే 60 ఎప్పుడూ దక్కలేదు, అయినా వేల గంటలు ఎగిరాను.

గన్నవరం_ఫైనల్:
మెయిన్‌థ్రెడ్ అన్నా, చేతులెత్తి దణ్ణం. కౌంటర్ పెట్టి చూశాను. హీత్రో దగ్గర ఎర్రగా మెయిన్‌థ్రెడ్. పైన మేఘాల మధ్య జీపీయూ. అంటే నేను రెండు వారాలు మేఘాలు దించుకుంటూ కూర్చున్నది ఉత్తదే!

టెర్రైన్ 200 నుంచి 100కి, ఏఐ ట్రాఫిక్ ఆఫ్, కాక్‌పిట్ రిఫ్రెష్ మీడియం. ఇప్పుడు అదే అప్రోచ్‌లో 38 నుంచి 45. పెద్ద కుదుపులు పోయాయి. మేఘాలు మళ్ళీ అల్ట్రాకి తెచ్చుకున్నాను, నంబరు కదల్లేదు. కానీ 60 రాలేదు. టెర్రైన్ 50కి దించితే 50 దాటుతుంది గానీ థేమ్స్ నది అవతల భవనాలు కళ్ళముందే పుట్టుకొస్తున్నాయి. అది నాకు నచ్చలేదు.

డల్లాస్_నుంచి:
నా దగ్గర ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డు ఉంది. ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే 35 కాస్తా 65 అవుతుంది. ఇక ఈ చర్చే ఉండదు. మెయిన్ థ్రెడ్ ఇరుక్కుపోయినప్పుడు ఖాళీగా ఉన్న కార్డు మధ్యలో ఫ్రేములు తయారు చేస్తుంది. ఇంతకంటే మంచి ఉపాయం ఏముంది?

కంట్రోల్_స్టిక్:
డల్లాస్ గారూ, రెండు అసలు ఫ్రేముల మధ్య మూడోది పుట్టాలంటే ఆ రెండో ఫ్రేమును కాసేపు ఆపి ఉంచాలి. అంటే చూడడానికి 65, చేతికి 35 కంటే కాస్త వెనక. క్రూజ్‌లో, కిటికీలోంచి చూడడానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. ఫ్లేర్‌కి నేను వాడను. పైగా గన్నవరం గారి 3060కి అది రానే రాదు, ఎన్విడియా వాళ్ళ డీఎల్‌ఎస్‌ఎస్ ఫ్రేమ్ జనరేషన్ 40 సిరీస్ నుంచే.

సీపీఎల్_విద్యార్థి:
నేను కమర్షియల్ లైసెన్స్ కోసం చదువుతున్నాను. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగేది 200 గంటలు, ప్రతి గంటా ఖరీదే. అందుకని ఇంట్లో సెస్నా 172 మీద ఇన్‌స్ట్రుమెంట్ స్కాన్ (మీటర్లను వరసగా చూడడం), హోల్డింగ్ (ఆకాశంలో చుట్లు తిరుగుతూ ఆగడం), ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాల సాయంతో దిగడం) అభ్యాసం చేస్తాను. నా కోణం వేరు. నాకు 30 చాలు, కానీ మీటర్ల మీద అంకె స్పష్టంగా కనబడాలి. డీఎల్‌ఎస్‌ఎస్ పెర్ఫార్మెన్స్ మోడ్‌లో (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే మోడ్) ఆల్టిమీటర్ అంకెలు తిరిగేటప్పుడు వెనక తోకలా మరక వస్తుంది. ప్రయత్నించి వెంటనే తీసేశాను. టీఏఏ (అంచులు నునుపు చేసే మామూలు పద్ధతి) మీద, రెండర్ స్కేల్ 100 పెట్టి, చెట్లూ గడ్డీ తక్కువ సెట్టింగులో పెట్టి ఎగురుతాను.

స్టిక్ అన్నా, ఫ్లేర్ గురించి ఒక మాట. అసలు విమానంలో ఫ్లేర్‌ని కంటి కొసలతో, నడుముతో తెలుసుకుంటాం. నేల విప్పారినట్టు రావడం, సీటు ఒత్తిడి మారడం. ఒక్క మానిటర్ మీద 60 ఉన్నా 120 ఉన్నా అది రాదు. ఇంటి సిమ్‌లో ఫ్లేర్ నేర్చుకోవాలని చూడకపోవడమే మేలని నాకు అనిపిస్తుంది.

కంట్రోల్_స్టిక్:
తమ్ముడూ, నువ్వు నిజం విమానం కోసం నేర్చుకుంటున్నావు, నీ మాట గౌరవిస్తాను. కానీ మాలో చాలామందికి ఈ ల్యాండింగే అసలు ల్యాండింగ్. దాన్ని బాగా చెయ్యాలన్న కోరిక చిన్నదేమీ కాదు.

ఎక్స్‌ప్లేన్_వాడు:
అట్టడుగు హద్దు ఒకటి చెప్పి వెళ్తాను. మా ఎక్స్-ప్లేన్‌లో విమానం భౌతికశాస్త్రం లెక్క ఫ్రేములతో పాటే నడుస్తుంది. దాదాపు 20 కంటే కిందికి పడితే సిమ్ కాలాన్నే నెమ్మది చేస్తుంది. ఆన్‌లైన్‌లో ఎగిరేటప్పుడు కంట్రోలర్‌కి మీ విమానం చెప్పిన వేగం కంటే నిదానంగా కనిపిస్తుంది, వెనకున్న విమానం మీదికి వచ్చేస్తుంది. కాబట్టి 30 చాలా, 60 కావాలా అనేది రుచి, 20 దాటడం మాత్రం మర్యాద.

మెయిన్‌థ్రెడ్:
ఇప్పుడు అసలు మాట. 28 గారూ, స్టిక్ గారూ, మీ తగవు సిమ్‌ది కాదు, 60 హెర్ట్జ్ మానిటర్‌ది. 60ని సమానంగా పంచితే 60, 30, 20, 15 ఇలాగే వస్తాయి, అందుకే మధ్యలో నిలబడే చోటు లేదు. అదే 120 హెర్ట్జ్ మానిటర్ అయితే 40కి లాక్ చేయొచ్చు, ప్రతి ఫ్రేమూ సరిగ్గా మూడు సార్లు, 25 మిల్లీసెకన్లు. 144 అయితే 48 లేదా 36. గన్నవరం అన్నకి హీత్రోలో 38 నుంచి 45 వస్తోంది. ఇంకొంచెం ట్రాఫిక్, టెర్రైన్ సర్దితే 40 లాక్ నిలబడుతుంది. ఫ్రీసింక్ (ఫ్రేము వచ్చినప్పుడల్లా తెర తాజా అయ్యే సదుపాయం) చూసి కొంటే మాత్రం రేంజ్ చూడండి. 48 నుంచి 75 అని రాసినవి మీకు పనికిరావు, 48 కిందికి రాగానే వదిలేస్తాయి. 48 నుంచి 144 ఉన్నవైతే కింద పడినప్పుడు అదే ఫ్రేమును రెండు సార్లు చూపించి నెట్టుకొస్తాయి.

సీపీయూ వైపు డబ్బు పెట్టగలిగితే మీ బోర్డులోనే రైజెన్ 7 5800ఎక్స్‌3డీ ప్రాసెసర్ కూర్చుంటుంది. బయాస్ అప్‌డేట్ చూసుకోండి. మీ 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 32 ఎంబీ, దానిలో 96. మన సిమ్‌లకు ఆ క్యాష్ చాలా ఇష్టం.

మే నెలలో మీ వైపు మధ్యాహ్నం ఎగిరితే ప్రాసెసర్ వేడి కూడా గమనించండి. గది 40 డిగ్రీలుంటే లోపలి సంగతి చెప్పక్కర్లేదు, క్లాక్ (ప్రాసెసర్ వేగం) తగ్గిపోయి ఫ్రేములు పడితే సెట్టింగులను అనుమానిస్తాం.

గన్నవరం_ఫైనల్:
ఇప్పుడే మానిటర్ కొనలేను. రాత్రి చల్లబడ్డాక కూర్చున్నాను. టెర్రైన్ 100, 30 లాక్‌తో 27 లెఫ్ట్ మీద ఐదు ల్యాండింగులు. తరవాత టెర్రైన్ 50, లాక్ లేకుండా ఐదు. నిజం చెప్పాలి: మొదటి ఐదే మెత్తగా పడ్డాయి. 30లో చెయ్యి కాస్త ముందుగా లాగడం అలవాటు చేసుకుంది, ఆ ఎడం ఎప్పుడూ ఒకేలా ఉంది కాబట్టి. రెండో ఐదింటిలో ఒకసారి 52, ఒకసారి 41. చెయ్యి ఏది నమ్మాలో తెలియలేదు.

బావకి ఫోన్ చేసి చెప్పాను. అల్ట్రా సంగతి మాత్రం ఒప్పుకోలేదు.

కంట్రోల్_స్టిక్:
గాలి ఎంత పెట్టారు? ప్రశాంత వాతావరణంలో చేసి ఉంటే 20 నాట్ల క్రాస్‌విండ్ (పక్క గాలి), గస్ట్‌లతో మళ్ళీ చెయ్యండి. అలాంటప్పుడు ముందుగా లాగే అలవాటు పనికి రాదు. అప్పుడు కూడా 30లోనే మెత్తగా పడితే నేను నా మాట వెనక్కి తీసుకుంటాను.

గన్నవరం_ఫైనల్:
గాలి సున్నా. రేపు రాత్రి చేసి రాస్తాను.