లేపాక్షి: 'లే పక్షి'యేనా?

హిందూపురం నుంచి లేపాక్షి వెళ్తే, పెద్ద బసవన్నకు దగ్గర్లోనే బండ మీద జటాయువు విగ్రహం రోడ్డు మీంచే కనబడుతుంది. మొన్న దాని కింద నిలబడి మా పాపకు అందరూ చెప్పే కథే చెప్పాను. రావణుడు రెక్కలు నరికితే జటాయువు ఇక్కడ పడ్డాడు, రాముడొచ్చి 'లే పక్షీ' అన్నాడు, అదే లేపాక్షి అయిందని. రెండో తరగతి పిల్ల. బోర్డు కూడబలుక్కుని చదివి, "పాకు దీర్ఘముంది కదా నాన్నా, పక్షికి లేదుగా?" అంది.

పిల్ల అడిగింది న్యాయమే. పిలిచేటప్పుడు దీర్ఘం రావాల్సింది చివర, పక్షీ అని. ఊరి పేరులో అది మధ్యలో ఉంది. పైగా జటాయువు దశరథుడి స్నేహితుడు. తండ్రి వరసైనవాణ్ణి రాముడు 'పక్షీ' అంటాడా? వాల్మీకి రామాయణంలో ఆయన పిలుపు 'గృధ్రరాజ'. చెప్పే మాట కూడా లేవమని కాదు, 'గచ్ఛ', ఉత్తమ లోకాలకు వెళ్లమని. తనే చితి పేర్చి, నీళ్లు వదిలి సాగనంపుతాడు. నాకు ఆ 'గచ్ఛ' చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

నా ఓటు 'లేప + అక్షి'కి. సవర్ణదీర్ఘంతో 'పా' దానంతటదే వస్తుంది, మీనాక్షి, కామాక్షి, విశాలాక్షి వరసలో పేరు చక్కగా కుదురుతుంది. లేపమంటే పూత, అక్షి అంటే కన్ను. 16వ శతాబ్దపు వీరభద్రస్వామి గుడి కప్పు మీద ఆ రంగుల బొమ్మలు చూసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ఊరి పేరు ఆ బొమ్మలకన్నా పాతదని ఎవరైనా శాసనం చూపిస్తే మాత్రం ఒప్పుకుంటాను.

ఇంకో మాట. విగ్రహం కింద అందరూ 'గద్ద' అనే అంటున్నారు. గృధ్రంలోంచే మన 'గ్రద్ద' వచ్చింది కాబట్టి మాటగా తప్పు లేదు. కానీ ఇవాళ గద్దంటే కోడిపిల్లల్ని తన్నుకుపోయేది. గృధ్రమంటే రాబందు, చచ్చిన గొడ్డును తిని ఊరిని శుభ్రంగా ఉంచిన పిట్ట. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు ఆ కళేబరాల ద్వారా రాబందులకు ఎక్కి, కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించేసరికే ఆకాశం ఖాళీ అయింది. ఇప్పుడు రాబందు మనకు తిట్టుగానే మిగిలింది. "ఇది రాబందు" అంటే మా పాప కొత్త మాటలా రెండుసార్లు పలికి చూసుకుంది.

మీ వైపు పెద్దవాళ్లు ఈ పిట్టను ఏమని పిలిచేవారో రాయండి.