సిరొంచ తాలూకా (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా): మంచానపడ్డ ముసలోళ్లకు ఇంటికాడికి సర్కారు నుంచి ఏమేం వస్తయి?

గోదావరి గట్టు:
అమ్మమ్మకు 74 ఏండ్లు. పక్షవాతంతోటి కుడిపక్క పడిపోయింది, మంచం దిగలేదు. మాది అంకీసా దిక్కు ఊరు. చూసుకునేటందుకు మనిషిని పెడితే సర్కారు పైసలిస్తదా? శ్రావణ్‌బాళ్ (మహారాష్ట్రల ముసలోళ్ల పింఛను) అర్జీ వాపసు వచ్చింది, ఆధార్ మీద మంచిర్యాల అడ్రసు ఉన్నదని. నడుము కింద తోలు ఎర్రబడ్డది. ముందుగాల ఏది చూడాలె?

దాఖలా కాయితం:
మనిషి జీతానికి పైసలిచ్చే పథకం మన దిక్కు లేదు తమ్మీ, దాని కోసం తిరగకు. పింఛను మాత్రం వదలద్దు. శ్రావణ్‌బాళ్‌ల నెలకు 1500. వయసు 65 దాటాలె, ఇంటి ఆదాయం ఏడాదికి 21,000 లోపు ఉండాలె, మహారాష్ట్రల 15 ఏండ్ల నుంచి ఉంటున్నట్టు కాయితం చూపాలె. మంచిర్యాల అడ్రసు ఉంటే ఈ చివరి షరతు కాడనే అర్జీ ఆగుతది. ఆధార్‌కు ఫోన్ నంబరు జోడై ఉంటే అడ్రసును మైఆధార్ వెబ్‌సైటుల ఓటీపీతోటి ఇంటికాడినుంచే మార్చొచ్చు, అమ్మమ్మను ఎక్కడికీ మోయక్కరలేదు. అటు తెలంగాణల ఆసరా పింఛను వస్తున్నదా చూసుకో. రెండు రాష్ట్రాల పింఛను తీసుకుంటే వసూలు చేస్తరు, ముందు అది బంద్ చేయించి ఆ కాయితం పెట్టుకో.

ఎక్కువ అర్జీలు ఆగేది పేరు కాడ. మనం ఇంటిపేరు, పేరు రాస్తం. ఇక్కడి కాయితాలల్ల ఇంటిపేరు, పేరు, భర్త పేరు ఉంటది. రేషన్ కార్డుల ఒక తీరు, ఆధార్‌ల ఇంకో తీరు ఉంటే తహసిల్‌ల పక్కన పెడతరు. ముందు ఆధార్ ఏ తీరు ఉన్నదో చూసి, తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) రిపోర్టు, ఆదాయ దాఖలా, రేషన్ కార్డు అన్నీ అదే అక్షరాలకు తెచ్చుకోవాలె.

పక్షవాతం కాబట్టి యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు కూడ చేయించు. వైకల్యం 40 శాతం గానీ అంతకంటె ఎక్కువ గానీ ఉంటే దివ్యాంగుల కింద లెక్క, వాళ్ల పింఛను 2025ల 2500 చేసిన్రు.

సిస్టరక్క:
కాయితాల కంటె ముందు ఆ ఎర్రబడ్డ చోటు చూడండి. వేలితో ఒత్తి తీస్తే తెల్లబడి మళ్లీ ఎర్రగయితే ఇంకా మన చేతుల ఉన్నట్టే. ఒత్తినా తెల్లబడకుంటే పుండు మొదలయినట్టే, తోలు తెగకున్నా సరే. అక్కడ రుద్దద్దు, మాలిష్ అసలే వద్దు, లోపలి రక్తనాళాలు ఇంకా నలుగుతయి. రెండు గంటలకోసారి పక్క మార్చండి. పూర్తిగ పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడతది, అందుకని వీపు వెనుక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చితే చాలు. మడమలు పరుపుకు తగలకుండ పిక్కల కింద దిండు పెట్టాలె. నడుము కింద గుండ్రటి ట్యూబు పెడుతుంటరు, అది చుట్టూ రక్తం ఆపుతది, తీసేయండి.

గాలి పరుపు తెస్తే దాని మీద దుప్పట్లు మడతేసి పరవకండి, ఒక్క పల్చటి చద్దరు చాలు. పిర్రల కింద, పరుపు అడుగుకు చెయ్యి పెడితే నడుమ ఒక అంగుళం మందం గాలి తగలాలె. ఎముక తగిలితే గాలి తక్కువున్నట్టు. తోలు పగిలితే పసుపు, హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యద్దు. లీటరు మరగబెట్టిన నీళ్లల్ల ఒకటిన్నర టీ చెంచా ఉప్పు కలిపి, చల్లారినాక దానితోటి కడగండి, మిగిలింది మర్నాటికి ఉంచద్దు. నల్లబడ్డా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా అదే రోజు దవాఖాన.

ఇంటికి సిస్టర్ రావడం దయ కాదు. ముసలోళ్ల ఆరోగ్య కార్యక్రమం (ఎన్‌పీహెచ్‌సీఈ) కింద మంచానపడ్డోళ్లను ఇంటికొచ్చి చూడాలె. ఆశా తాయికి (ఊరి ఆశా కార్యకర్తకు) చెప్పి పేరు రాయించండి, రాతపూర్వకంగ ఒక అర్జీ ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఇచ్చి నకలు మీద ముద్ర కొట్టించుకోండి. నోటిమాటతోటి అడిగిన ఇండ్లకు రాక ఆలస్యమయితది.

గోదావరి గట్టు:
అక్కా, ఒత్తితే తెల్లబడుతున్నది. ఇయ్యాల్టి నుంచే పక్క మారుస్తున్నం. 70 దాటినోళ్ల 5 లక్షల కార్డుల గాలి పరుపు, డైపర్లు వస్తయా?

సిస్టరక్క:
రావు. ఆ కార్డు, అంటే ఆయుష్మాన్ వయ వందన, దవాఖానల చేరినప్పటికే, ఇంటికొచ్చినాక 15 రోజుల మందుల దాకా. కార్డు మాత్రం చేయించి పెట్టుకోండి, ఆదాయం చూడరు.

దాఖలా కాయితం:
సామానుకు ముఖ్యమంత్రి వయోశ్రీ ఉన్నది. 65 దాటి, ఆదాయం 2 లక్షల లోపు ఉంటే ఒక్కసారి 3000 ఖాతాల వేస్తరు. కమోడ్ కుర్చీ, చక్రాల కుర్చీ, వాకర్ లాంటివి కొనొచ్చు. కొన్న బిల్లు 30 రోజుల లోపల పెట్టాలె, చిట్టీ మీద రాసిచ్చింది పనికిరాదు. అర్జీలు ఇప్పుడు తీసుకుంటున్నరా అని గడ్చిరోలి సమాజ కల్యాణ్ ఆఫీసుల అడిగినాకనే జిరాక్సులు తీయించు.

ప్రాణహిత:
ఒక్క మాట కలుపుత. పైసలు నువ్వు ఫారంల రాసిన ఖాతాల పడవు, ఆధార్‌కు ఆఖరున ఏ బ్యాంకు జోడించినవో దాంట్ల పడతయి. అటుదిక్కు బ్యాంకు జోడై ఉంటే పింఛను అక్కడికే పోతది, ఇక్కడ రాలేదని తహసిల్ చుట్టు తిరుగుడయితది. మైఆధార్‌ల బ్యాంక్ సీడింగ్ స్టేటస్ (ఏ బ్యాంకు జోడై ఉన్నదో) చూడు. పైసలు తీసేటప్పుడు వేలిముద్ర పడకుంటే పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా తీసి పోస్ట్‌మన్‌ను ఇంటికి పిలువు, కుడిచేతివి పడకున్నా ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటి పెట్టి చూడమను.