అరిగిన వేలిముద్రలు: వేరే రాష్ట్రం రేషన్ కార్డుకు మరో మార్గం ఉందా?

ఒడిశాలోని బలాంగీర్ జిల్లా నుంచి పెద్దపల్లి ఇటుక బట్టీలకు వలస వచ్చిన మహిళలు తమలో ఒకామెను పెద్దగా ఎంచుకొని, ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ కింద ఇక్కడే బియ్యం తీసుకుంటున్నారు. వారి రాతకోతలు నేను చూస్తున్నాను. అయితే పచ్చి ఇటుకలు తీసి తీసి వేళ్ల గీతలు అరిగిపోయిన ముగ్గురికి మాత్రం రేషన్ దుకాణంలో వేలిముద్ర తీసుకునే ఈ-పాస్ యంత్రం వేలిముద్ర సరిపోలడం లేదనే చూపుతోంది. ఆధార్ అనుసంధానం సక్రమంగానే ఉంది. చేతులు శుభ్రంగా కడిగించి పది వేళ్లూ పెట్టించాము, ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు మళ్లీ నమోదు చేయించాము, మరో దుకాణంలోనూ ప్రయత్నించాము. కార్డులోని మిగతా సభ్యులు స్వగ్రామంలోనే ఉన్నారు. వేలిముద్రకు బదులు కనుపాపను చూసి గుర్తించే పరికరం స్థానిక కార్డులకే పనిచేస్తుందని డీలరు అంటున్నారు గానీ, నాకు నమ్మకం కుదరలేదు. ఇతర రాష్ట్రపు కార్డుపై తెలంగాణలో కనుపాప లేదా ఓటీపీ ద్వారా బియ్యం పొందినవారు, అది ఎలా సాధ్యమైందో తెలియజేయగలరా?