అప్‌డేట్: ఛార్జ్ కాని గేమ్ కన్సోల్ మళ్లీ ఆన్ అయింది

చేతిలో పట్టుకుని పాత గేమ్స్ ఆడుకునే నా చిన్న కన్సోల్‌కి ఎంతసేపు ఛార్జింగ్ పెట్టినా ఎర్ర లైటు వెలగడం లేదని పోయిన వారం అడిగాను కదా. బ్యాటరీ పోయి ఉంటుందని ఎక్కువమంది అన్నారు. కొత్తది ఆర్డర్ పెట్టబోయి ఆగాను, మంచి పనే అయింది.

ముందు టూత్‌పిక్‌తో పోర్టు శుభ్రం చేశాను. కాస్త దూది లాంటి దుమ్ము వచ్చింది కానీ లైటు రాలేదు. వెనక మూత విప్పి మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం) పెడితే బ్యాటరీ 3.2 వోల్టులు చూపించింది. అంటే బాగా దిగిపోయింది, చావలేదు.

అసలు సంగతి కేబుల్‌లో ఉంది. నేను వాడింది రెండు వైపులా టైప్-సీ ఉన్న ఫోన్ కేబుల్. అలాంటి కేబుల్ గుచ్చే టైప్-సీ ఛార్జర్, అవతలి పరికరం పోర్టులో సీసీ పిన్నుల (ఏం తగిలించారో ఛార్జర్‌కి తెలిపే పిన్నులు) దగ్గర 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు (కరెంటుని అడ్డుకునే చిన్న భాగాలు) కనబడితేనే 5 వోల్టులు వదులుతుంది. నా బోర్డు మీద ఆ రెండు చోట్లూ ఖాళీ! పాత ఛార్జర్లలో ఉండే వెడల్పాటి యూఎస్‌బీ-ఏ పోర్టుకి ఆ పట్టింపు లేదు, 5 వోల్టులు ఎప్పుడూ ఇస్తూనే ఉంటుంది.

అమ్మ బీరువాలో దాచిన పాత ఫోన్ ఛార్జర్, ఏ-టు-సీ కేబుల్ (ఒక వైపు యూఎస్‌బీ-ఏ, ఇంకో వైపు టైప్-సీ) తీసి పెట్టాను. వెంటనే ఎర్ర లైటు! నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు గంటల తర్వాత చూస్తే బ్యాటరీ 4.18 వోల్టులు, అంటే దాదాపు నిండిపోయింది.

"ముందు కేబుల్ మార్చి చూడండి" అన్న అన్నయ్యకి చాలా థ్యాంక్స్. రెసిస్టర్లు వేయించడానికి ఆదివారం మొబైల్ రిపేర్ షాపుకి వెళ్తున్నాను.