అప్‌డేట్: 1999 మియాటాలో ఇంజెక్టర్ కోడ్‌లు ఆగాయి

నా 1999 మజ్డా మియాటాలో ఇంజెక్టర్లను (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మేవి) బయటి కంట్రోలర్‌కి మార్చగానే పి0201 నుంచి పి0204 దాకా, అంటే నాలుగు ఇంజెక్టర్ల సర్క్యూట్ లోపం కోడ్‌లు, వరసపెట్టి పడుతున్నాయని ఇంతకుముందు అడిగాను కదా. "ఫ్యాక్టరీ కంప్యూటర్ పీకి పారేయ్ బ్రో" అన్నవాళ్లకు ఒక్క మాట: ఈ కారులో ఆల్టర్నేటర్ చార్జింగ్‌ని నడిపేది కూడా అదే. ఇగ్నిషన్ కూడా దానికే వదిలేశా.

పని చేసింది డమ్మీ లోడే, అంటే ఇంజెక్టర్ ఇంకా ఉందని ఫ్యాక్టరీ కంప్యూటర్‌ని నమ్మించే రెసిస్టర్. ఖాళీగా మిగిలిన నాలుగు ఇంజెక్టర్ వైర్లకీ తలా ఒక రెసిస్టర్, దాని రెండో కొస ఇగ్నిషన్ ఆన్‌లో వచ్చే 12 వోల్టులకు. అసలు ఇంజెక్టర్ కాయిల్ ఇంచుమించు 12-14 ఓమ్‌లు, కాబట్టి 15 ఓమ్‌లవి తీసుకున్నా. 14 వోల్టుల దగ్గర లెక్కేస్తే 13 వాట్లు; అందుకే 25 వాట్ల వైర్‌వౌండ్‌వి, అల్యూమినియం పలక మీద బిగించా. హైవే మీంచి వచ్చాక ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ప్లాస్టిక్‌కి దూరంగా పెట్టండి.

కూలెంట్ సెన్సర్ (ఇంజిన్ వేడి చెప్పేది) ఒక్కటే, కంప్యూటర్లు రెండు. రెండూ పుల్-అప్ (సెన్సర్ వైరుకి రెసిస్టర్ గుండా వోల్టేజీ) ఇస్తే వోల్టేజీ పెరిగి, వేడెక్కిన ఇంజిన్‌ని కూడా చల్లగా ఉందనుకుంటాయి. కొత్త కంట్రోలర్‌లోది తీసేశా.

ఇక పి0172, అంటే పెట్రోల్ ఎక్కువైందనే కోడ్. ఫ్యాక్టరీ కంప్యూటర్ పెట్రోల్ ఎంత తగ్గించినా దాని మాట వినే ఇంజెక్టర్ లేదు పాపం. క్రూజ్‌లో (ఒకే వేగంతో వెళ్లేటప్పుడు) గాలి-పెట్రోల్ నిష్పత్తి 14.7 దగ్గర పట్టేలా సెట్ చేశాక తగ్గింది, అప్పుడప్పుడు పెండింగ్‌లో కనిపిస్తోంది. వైడ్‌బ్యాండ్‌లో (ఆ నిష్పత్తిని కొలిచే ఆక్సిజన్ సెన్సర్ కిట్) ఉన్న నారోబ్యాండ్ అవుట్‌పుట్, అంటే మామూలు ఆక్సిజన్ సెన్సర్ లాంటి సిగ్నల్, ఫ్యాక్టరీ కంప్యూటర్‌కి కలిపి చూడాలి.