లేని గీతలు ఎలా తెగుతాయి?

నమస్తే అండీ, మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం. ఇంట్లో సైన్సు నేనే తెలుగులో చెప్తాను. సూర్యుడు మధ్యరేఖ దగ్గర సుమారు 25 రోజులకు, ధ్రువాల దగ్గర సుమారు 35 రోజులకు ఒక చుట్టు తిరుగుతాడు కాబట్టి అయస్కాంత రేఖలు మెలిపడతాయని, సూర్యుడి మీది నల్లమచ్చల దగ్గర అవి తెగి వేరేలా అతుక్కుంటే సౌరజ్వాల (ఒక్కసారిగా శక్తి ఎగజిమ్మే పేలుడు) పుడుతుందని చెప్పాను. దాని జడ రబ్బరుబ్యాండే మెలితిప్పి చూపించాను (తెగి నా వేలికే తగిలింది, అది వేరే సంగతి).

"రేఖలు మనం గీసుకున్నవే కదా నాన్నా, లేనివి ఎలా తెగుతాయి?" అంది. నోట మాట రాలేదు. పైగా ఆ మెలికల్లో రోజుల తరబడి పోగైన శక్తి నిమిషాల్లోనే ఎందుకు బయటపడుతుంది? దానికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా? రెండు అయస్కాంతాలు, కాస్త ఇనుపరజను ఇంట్లో ఉన్నాయి.