సిసిలీలో సైకిల్ యాత్ర: తీరం వెంటా, కొండ ఊళ్ల మీదుగానా?

ప్రశ్న: ఏప్రిల్ చివర్లో మా తమ్ముడితో కలిసి సిరాకూజా నుంచి రగూజా దాకా ఐదు రోజుల్లో సైకిళ్ల మీద వెళ్లాలనుకుంటున్నాను. సముద్రం పక్కనే సాగడం మేలా, కొండలెక్కడం మేలా?

సమాధానం 1: రెండూ కలుపుకోండి. మొదటి రెండు రోజులు ఆవొలా మీదుగా మార్జమేమి వైపు వెళితే దారి చాలావరకు చదునుగా ఉండి కాళ్లు అలవాటు పడతాయి. మధ్యలో వెందికారి చిత్తడి నేలల దగ్గర సైకిళ్లు ఆపి లోపలికి నడవండి. పూర్వం ట్యూనా చేపలను శుద్ధి చేసిన కట్టడం పైకప్పు లేకుండా, రాతి స్తంభాలతో ఇప్పటికీ సముద్రపు ఒడ్డున నిలిచి ఉంది. తర్వాత నోటోకు ఎక్కండి. 1693 భూకంపంలో పాత ఊరు నేలమట్టమైతే, కొన్ని కిలోమీటర్ల దూరంలో తేనెరంగు సున్నపురాయితో కొత్తగా కట్టుకున్న ఊరిది. సాయంత్రపు ఎండలో ఆ గోడలను చూడటానికే ఒక పూట కేటాయించవచ్చు. మోదికా, రగూజాలతో కలిపి ఈ ప్రాంతపు ఎనిమిది ఊళ్లకు 2002లో యునెస్కో గుర్తింపు లభించింది.

సమాధానం 2: రగూజా సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది కనుక చివరి రోజు తక్కువ దూరం పెట్టుకోండి. దక్షిణం నుంచి వీచే సిరోకో గాలి ఎదురైతే చదును దారి కూడా ఎక్కుడులాగే ఉంటుంది. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. నేను మొదటి రోజు ఒక చౌరస్తాలో అలవాటుగా ఎడమకు తిరిగి లారీకి ఎదురెళ్లాను!

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. అయితే మార్జమేమిలో ఒక రాత్రి ఆగుతాము.